సున్నయు, గీతయు: సాంఖ్యకశాస్త్రమున పట్టమునకు వలయునది

(కర్నూలులో నొసగిన కల్యంపూడి రాధాకృష్ణారావు స్మారకోపన్యాసము యొక్క ముద్రిత పాఠము)



ఎవరి స్మృతికై మీరందఱు ఈ సాయంసమయమున నిచ్చట సమావేశమైనారో ఆ కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన, నాడు బళ్లారి జిల్లాలో చేరియుండి నేడు కర్ణాటక రాష్ట్రమునకు జెందియున్న హూవిన హడగలి యను నూర జన్మించిరి. బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు సీమలను కలిపి దత్తమండలములని వ్యవహరించుచుండిన కాలమది. ఆయన చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో సాగినను, ఆయన కీర్తి కలకత్తా, కేంబ్రిడ్జి, అమెరికాలవఱకు వ్యాపించినను, ఆయన కన్ను దెఱచిన నేల మన నేలయే యని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. తలిదండ్రులకు ఎనిమిదవ సంతానమగుటచే, దేవకీదేవి యష్టమగర్భమును స్మరించి, కృష్ణుని పేరు కలిసివచ్చునట్లు నామకరణము చేసిరట. తండ్రిగారు పోలీసుశాఖలో నుద్యోగి యగుటచే ఊరూరు మాఱుట తప్పలేదు. ఆ మార్పులన్నిటిలోను మాఱనిది, తల్లి లక్ష్మీకాంతమ్మగారు వేకువ 4 గంటలకు కుమారుని లేపి, నూనెదీపము వెలిగించి, చదువునకు గూర్చుండబెట్టుట. జగత్ప్రసిద్ధులైన పిమ్మట ఒక గ్రంథమును ఆ తల్లికి అంకితము చేయుచు ఆయన తలచుకొన్నది ఆ దీపమునే. 2023 ఆగస్టు 22న, నూట మూడవయేట, అమెరికాలోని బఫెలో నగరమున ఆయన దేహము చాలించిరి.

ఇట్టి మహనీయుని పేర జరుగు నుపన్యాసమునకు ఆయన సిద్ధాంతములలో నేదేని యొకదానిని విషయముగా గైకొనుట సముచితమే యగును. కాని చిరకాలము ఈ శాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్న నాకు, ప్రతి వేసవిలోను డిగ్రీ పరీక్షలు ముగిసిన వెంటనే ఆదోనినుండియో, ఆళ్లగడ్డనుండియో, ప్రొద్దుటూరునుండియో వచ్చి "సార్, స్టాటిస్టిక్సులో ఎమ్మెస్సీ చేయల్లంటే ఏం గావల్ల?" అని యడిగిన పిల్లల ముఖములు నేటికిని కన్నులకు గట్టుచున్నవి. వారికి నేనిచ్చుచు వచ్చిన సమాధానములో విశ్వవిద్యాలయపు నియమావళికి సంబంధించిన భాగము ఐదు నిమిషములలో ముగిసెడిది. మిగిలిన భాగము నేటికిని ముగియలేదు. నేడు దానినే మీ యెదుట మఱియొకమాఱు ప్రయత్నించెదను.

నియమావళి మాట ముందు చెప్పివేసెదను. డిగ్రీలో గణితముతోబాటు సాంఖ్యకశాస్త్రమును ఒక విషయముగా చదివియుండవలెను. పూర్వము ఒక్కొక్క విశ్వవిద్యాలయము తన ప్రవేశపరీక్షను తాను జరుపుకొనుచుండెను. 2021 నుండి రాష్ట్రమంతటికి ఒకటే పీజీసెట్టు వచ్చినది. ఆ తొలియేట దాని నిర్వహణభారమును వహించినది మన కడప యోగి వేమన విశ్వవిద్యాలయమే. తొంబది నిమిషములు, నూఱు ప్రశ్నలు. అందు నెగ్గి సీటు దెచ్చుకొన్నవానికి రెండేండ్లు, నాలుగు సెమిస్టర్లు. ఈ సీమవారికి చాలకాలము తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమే దిక్కు. పిమ్మట అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము నెలకొనినది. 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయము వెలసిన ఈ కర్నూలులో ఆపరేషన్స్ రీసెర్చియు, స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోలును జోడించిన శాఖ యొకటి కలదు. ఎఱ్ఱగుంట్లలో సిమెంటు బస్తాలు నింపు యంత్రము ఉదయము నింపిన తూకమునే సాయంకాలము నింపుచున్నదా, లేక మెల్లమెల్లగా ఒక ప్రక్కకు జారుచున్నదా యని గుర్తించు విద్య అది. 1924లో షూహార్ట్ అను నమెరికా శాస్త్రవేత్త గీచిన నియంత్రణ పటము ఆ విద్యకు మూలము. ఇట్టి శాఖ మన యూర నుండుట మన మదృష్టముగా నెంచుకొనవలసిన విషయము.

ఇక పాఠ్యాంశములు. వాస్తవ విశ్లేషణము, మాత్రికలు, సంభావ్యతా సిద్ధాంతము, విభాజనములు, అంచనా సిద్ధాంతము, పరికల్పనల పరీక్ష, ప్రతిచయనము, ప్రయోగరచన, బహుచలరాశి విశ్లేషణము, యాదృచ్ఛిక ప్రక్రియలు. వీనికి ప్రాక్టికల్సు, చివర ప్రాజెక్టు, వైవా. నేను చదువుకొన్న దినములలో ప్రాక్టికల్సనగా చేతితో త్రిప్పు ఫెసిట్ యంత్రము. భాగహారములో ఒక చుట్టు ఎక్కువ త్రిప్పినచో అది గంట మ్రోగించెడిది, అంతట వెనుకకొక చుట్టు త్రిప్పి సరిచేసికొనెడివారము. నేడు 'ఆర్' అను ఉచిత సాధనము చిన్న ల్యాప్‌టాపులో నదే పనిని కనుఱెప్పపాటులో చేయుచున్నది; పొరబాటు చేసినప్పుడు గంట మాత్రము మ్రోగదు.

ఈ పట్టికలో పిల్లలు భయపడునది సాధారణముగా మాత్రికలను, కొలమాన సిద్ధాంతముతో గూడిన సంభావ్యతను. గుప్తా, కపూర్ల పుస్తకమును డిగ్రీలో కంఠస్థము చేసి గట్టెక్కినవారు ఇచ్చట చతికిలబడుదురు. ఏలయనగా కంఠస్థము చేసిన సూత్రము ఒక్క చలరాశికి పనిచేయును. ఆలూరులో వాన, పత్తికొండలో వాన, ఆదోనిలో వాన అను మూడింటిని ఒకచోట నిలిపినప్పుడు, వానిలో నే యొక్కటియు తక్కినవానితో సంబంధము లేనిది కాదు కనుక, ఆ సంబంధములనన్నింటిని ఒక్కచూపున చూడగల భాష యొకటి కావలసివచ్చును. ఆ భాషయే మాత్రిక. దానిని భారముగా గాక కన్నుగా భావించిన విద్యార్థి మొదటి సెమిస్టరు దాటునప్పటికే వేఱు మనిషి యగును. రాధాకృష్ణారావుగారు మాత్రికల సామాన్యీకృత విలోమమును గూర్చి చేసిన కృషి ఆ కన్నునకు కాటుక దిద్దినది.

ఆయన యీ శాస్త్రములోనికి ప్రవేశించిన తీరు చూడుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితములో ఎమ్మే చదివి, యుద్ధకాలపు సైనిక సర్వే విభాగములో నుద్యోగమునకై కలకత్తాకు ఇంటర్వ్యూకు పోయిరి. ఆ యుద్యోగము దొరకలేదు. కాని ఆ యూరనే ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు 1931లో స్థాపించిన భారత సాంఖ్యక సంస్థను గూర్చి విని, 1941 జనవరి 1వ తేదీన శిక్షణకై అందు చేరిరి. అదే సంవత్సరము కలకత్తా విశ్వవిద్యాలయము సాంఖ్యకశాస్త్రమున ఎమ్మే తరగతిని ప్రారంభించినది. దేశమున అట్టిది మొదటిది. 1943లో ఆ పరీక్షయందు ఆయన ప్రథమశ్రేణిలో ప్రథములై స్వర్ణపతకము నందిరి. అనగా నేడు మీరు ఏ పట్టమునకై పీజీసెట్టు వ్రాయుచున్నారో, ఆ పట్టమును ఈ దేశమున మొట్టమొదట పొందిన కొద్దిమందిలో నొకరు మన తెలుగువారు.

పట్టము పుచ్చుకొన్న మఱుసటియేట ఆయనయే తరగతిలో పాఠము చెప్పుచుండిరి. అంచనాల నాణ్యతను గూర్చి ఇంగ్లండు సాంఖ్యకుడగు ఫిషర్ మహాశయుడు చెప్పిన ఒక విషయము నమూనా యనంతముగా పెరిగినప్పుడు సత్యమని ఆయన వివరించుచుండగా, విద్యార్థులలో నున్న వి.ఎం. దాండేకర్ (పిమ్మట మన దేశపు దారిద్ర్యమును లెక్కగట్టిన ఆర్థికవేత్త ఈయనయే) లేచి, పరిమితమైన నమూనాకు దానిని నిరూపింపలేరా యని ప్రశ్నించెను. రావుగారు ఇంటికి పోయి ఆ రాత్రి కూర్చుండి దానిని సాధించి, మఱునాడు తరగతిలో నల్లబల్లపై వ్రాసిరి. 1945లో కలకత్తా గణిత సంఘపు పత్రికలో అచ్చైన ఆ ఫలితమే, స్వీడను దేశీయుడగు క్రామెర్ గారి పేరుతో జోడింపబడి, ప్రపంచమునందలి ప్రతి సాంఖ్యక పాఠ్యగ్రంథములోను నేటికిని క్రామెర్ రావు అవధిగా నిలిచియున్నది. నాటికాయనకు ఇరువదియైదేండ్లు నిండలేదు.

ఆ యవధి చెప్పునదేమి? తెలియని రాశి నొకదానిని పక్షపాతము లేకుండ అంచనా వేయు సూత్రమును ఎంత నేర్పుతో కల్పించినను, దాని విస్తృతి ఒక నిశ్చితమైన హద్దునకు దిగువకు దిగజాలదు. ఆ హద్దు మన చేతనున్న దత్తాంశములలో నిమిడియున్న సమాచారముపై నాధారపడును. బావిలో నుండినగదా చేదలోనికి వచ్చుట! లెక్కలో నేర్పరితనము ఎంతయైన నుండవచ్చును, కొలతలో లేని సమాచారము నది పుట్టింపజాలదు. మానవుని తెలివికిని గర్వమునకును కూడ గణితభాషలో గీచిన ఎల్లగా ఈ ఫలితము నాకు తోచును. పట్టమునకు వలయునది ఆ ఎల్లను ఎఱుగుట యని నా నమ్మకము. తాను చెప్పుచున్న సంఖ్య ఎచ్చట పుట్టినది, ఎవరి చేతులమీదుగా వచ్చినది, ఎంతవఱకు నమ్మదగినది యని చెప్పజాలినవాడు నాలుగు సెమిస్టర్లలో నొక పేపరు తప్పినను మఱల వ్రాసికొనవచ్చును. చెప్పజాలనివాని మార్కుల జాబితా మెఱసినను వానికి నేను గ్రామపు లెక్క నప్పగింపను.

ఈ నమ్మకము నాకు పుస్తకమునుండి రాలేదు. 1970 ప్రాంతముల నేను ఎమ్మెస్సీ ఫైనలులో నుండగా, కడప జిల్లాలోని నాలుగు తాలూకాల ముప్పదియేండ్ల వర్షపాతమును తీసికొని ప్రాజెక్టు వ్రాసితిని. తాలూకా కచేరీల రిజిస్టర్లనుండి దినదినపు అంకెలను చేతితో ఎత్తి వ్రాసికొంటిని. సగటులు, విచలనములు, సహసంబంధములు, అన్నియు ఫెసిట్టుపై రెండుమాఱులు సరిచూచితిని. వైవాకు వేఱొక రాష్ట్రమునుండి ఒక వృద్ధాచార్యులు వచ్చిరి. ఆయన నా సూత్రముల జోలికి పోలేదు. అనుబంధములోని పుట యొకటి తెఱచి, ఒక యేటి ఉత్తరకార్తెలో వరుసగా ఏడు దినములకెదురుగా నున్న ఏడు సున్నలపై వ్రేలుంచి, చుట్టునున్న మూడు తాలూకాలలోను ఆ వారము మంచి వానలు పడినట్లు నా పట్టికయే చెప్పుచున్నదని చూపి, "ఈ సున్న వాన పడక వచ్చినదా, కొలువక వచ్చినదా?" అని యడిగిరి. గట్టునకు ఈవల కురిసి ఆవల కురియని వానలు మా సీమలో క్రొత్త కావని నేను బదులు చెప్పితిని. "కావచ్చును. విచారించితివా?" అనిరి. విచారింపలేదని యొప్పుకొంటిని. ఆయన నాకు మార్కులు వేసిరి; ప్రాజెక్టు బైండింగునకు పోకమునుపే ఆ సంగతి తేల్చుకొమ్మనియు చెప్పిరి. ఆ కథను చివరకు ముగించెదను.

సున్నకును, 'తెలియదు' అను గీతకును గల భేదము ఈ సీమలో ప్రాణముల భేదము. కర్నూలు జిల్లా సాధారణ వర్షపాతము ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లని పాఠపుస్తకము చెప్పును. రైతు దానిని లెక్కచేయడు. ఆతడు మృగశిర, ఆరుద్ర, ఉత్తర, హస్త యని పదుమూడు పదునాలుగు దినముల కొలపాత్రలతో ఏడాదిని కొలుచుచు, ఏ కార్తెలో ఎన్ని పదునులైన వని యడుగును. అదను దప్పిన వాన, విత్తనము వేసికొన్నవానికి లేనట్టిదే. మా శాస్త్రపు భాషలో చెప్పవలెనన్న, రైతు సగటును తోసివేసి విభాజనమును అడుగుచున్నాడు. ఒక మడికిని ఇంకొక మడికిని పొంతన లేదని ఆతడనినప్పుడు విస్తృతియను పదము లేకయే విస్తృతిని చెప్పుచున్నాడు. మాటకు మాట దొరకలేదని తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు దిగులుపడునప్పుడు, వారి యింటి పెద్దల నోట నీ శాస్త్రము వినబడుచునే యున్నదని నేను చెప్పుచుంటిని.

సగటు యెట్లు మోసగించునో 2009వ సంవత్సరము ఈ పట్టణమునకే చూపినది. ఆ యేట ఋతుపవనములు దేశమంతట నూటికి 22 పాళ్లు లోటుబడినవి. మన పొలములు సెప్టెంబరు మాసాంతము వఱకు నోళ్లు తెఱచుకొనియుండెను. ఆ వెనువెంటనే కొలదిదినములలో కురిసిన కుంభవృష్టికి తుంగభద్రయు హంద్రియు నేకమై అక్టోబరు 2వ తేదీన కర్నూలును ముంచివేసినవి. సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకు రచింపబడిన శ్రీశైలము ఆనకట్టకు 25 లక్షలకు పైబడి నీరు వచ్చినది. ఆ కరువును ఆ వరదను ఒక్క మొత్తముగా కూడి చూపించు పట్టిక రెండింటిని మ్రింగివేయును. నూఱేండ్లకొకమాఱు వచ్చునని చెప్పబడు వరదను ముప్పది నలుబది యేండ్ల కొలతలనుండి అంచనా వేయుటలో నెంత యనిశ్చితి యున్నదో చెప్పక, ఒక్క సంఖ్యను ఇంజనీరు చేతిలో నుంచు సాంఖ్యకుడు తన ధర్మమున లోపముచేసినవాడు. వరదల లెక్కలో సాంఖ్యకుని ధర్మమెట్టిదో మహలనోబిస్ గారు తొలినాళ్లలోనే చూపిరి. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణీనది పొంగినప్పుడు నదీగర్భము మెఱకవేసినదని ఇంజనీర్లు తలచి గట్లనెత్తుచేయ జూడగా, ఆయన యనేక సంవత్సరముల నీటిమట్టములను, వానలను పరిశీలించి, గర్భము మెఱకవేయలేదని తేల్చిరి. పాత రిజిస్టర్లను ఓపికతో చదివిన ఫలమది.

చదువుటకు మించినది చేతితో చేయుట. పంటకోత ప్రయోగమును మీలో నెందఱు కన్నులార చూచినారు? పత్తికొండ ప్రక్క ఎఱ్ఱనేలలోని వేరుసెనగచేనిలో ఒక శరదృతువున మా విద్యార్థినియొకతె అట్టి ప్రయోగము జరుగుచుండగా తోడ్పడుట నేను చూచితిని. యాదృచ్ఛిక సంఖ్యలతో మొదట సర్వే నంబరు, తరువాత ఆ చేనిలో స్థలము నిర్ణయమగును. చేని నైరుతిమూలను నిలిచి, పొడవున నిన్ని అడుగులు, అడ్డమున నిన్ని అడుగులు నడచి, అచ్చట మేకు పాతి, అయిదు మీటర్ల చదరమున నాలుగు మేకులకు త్రాడు బిగింపవలెను. ఆమె అడుగులు లెక్కపెట్టుకొనుచు పోయి నిలిచినచోట చెట్లు వాడి నేల బయటపడియున్నది. చేనిగలాయన ఆదుర్దాతో వచ్చి, "ఆడ గరుసమ్మా, చెట్టంతా ఎండిపాయ. ఈడికి రాండి, కాయ ఎట్ల పట్టిందో సూడండి" అనెను. తన సేద్యమునకు తలవంపు కాకుండవలెనని ఆతని యభిమానము. బీమా లెక్క కొఱకు చేయు ప్రయోగమైనచో, ఇదే రైతు గరుసువైపునకు పిలిచినను పిలువవచ్చును. ఆతనిది తప్పని నేననను. ఆమె మేకును కదలింపలేదు. "నంబరు ఈడనే పడింది పెద్దాయనా, మార్చకూడదు" అని మోకాళ్లపై గూర్చుండి, త్రాటికి లోపల కాండమున్న చెట్టును లెక్కకు గైకొనుచు, వెలుపలిదానిని విడుచుచు, ఒక్కొక్కదానిని పీకి, మన్ను దులిపి, కాయ కోసి, గోనెలో పోసి, తూచినది. తరువాత ఆ కాయను ఎండబెట్టి మఱల తూచిరి. చేనిగలాయన చివరవఱకు గట్టుమీదనే నిలిచి ఆ తూకపు ముల్లును చూచుచుండెను.

ఆ మేకును జరుపకుండుటలో ప్రతిచయన సిద్ధాంతమంతయు నున్నది. జాలిచేత జరిపినను, అధికారిని మెప్పించుటకై జరిపినను, గణితములో నది పక్షపాతమే. మఱి, ఒక గ్రామమును బీమా యూనిట్టుగా తీసికొన్నచోట ప్రధానమైన పంటకు చేయు ప్రయోగములు నాలుగే. ఒక చేనికిని మఱియొక చేనికిని ఎకరమునకు రెండువందల కిలోల విచలనమున్నదనుకొందము. నాలుగింటి సగటునకు నూఱుకిలోల ప్రామాణిక దోషము మిగులును. దానిని యాబదికి దింపవలెనన్న పదునాఱు ప్రయోగములు కావలెను. దోషమును సగము చేయుటకు శ్రమను నాలుగింతలు చేయవలయునను నీ కఠోరసత్యము నల్లబల్లపై ఒక వర్గమూలము మాత్రమే; గ్రామములో నది పరిహారము వచ్చుటకును రాకుండుటకును మధ్య గీత. ఇంత చిన్న ప్రదేశమునకు ఇంత కొద్ది కొలతలతో నమ్మదగిన అంచనా యెట్లు చెప్పవలెనను సమస్యకు, పొరుగుగ్రామముల సమాచారమును, వానలను, పూర్వపు పంటలను శాస్త్రీయముగా ఎరువు తెచ్చుకొను మార్గమును వికసింపజేసినవారిలో అగ్రగణ్యుడు ఏలూరులో 1937లో జన్మించి కెనడాలో స్థిరపడిన జె.ఎన్.కె. రావుగారు. చిన్న ప్రదేశముల అంచనాను గూర్చి 2003లో వెలువడిన ఆయన గ్రంథము ప్రపంచమున ప్రామాణికము. అది మన గ్రామసచివాలయపు బల్లమీదికి ఇంకను పూర్తిగా దిగిరాలేదు. దింపవలసినవారు మీరు.

ఇంకొక లెక్క చెప్పక ఈ పట్టణమున నీ శాస్త్రమును గూర్చి మాటలాడుట నాకు సాధ్యము కాదు. 1876లో ధాత కరువు వచ్చినది. 1871వ సంవత్సరపు జనాభా లెక్కను 1881వ సంవత్సరపు లెక్క ప్రక్కనుంచి తీసివేత చేసినచో, కర్నూలు జిల్లా జనసంఖ్యలో సుమారు నాలుగవవంతు తగ్గుదల కనబడును. తీసివేత బడిపిల్లవాడు చేయును. కాని ఆ తగ్గుదలలో చచ్చినవారెందఱు, వలసపోయినవారెందఱు, పుట్టవలసియుండి పుట్టనివారెందఱు, మొదటి లెక్కలోనే జాఱిపోయినవారెందఱు అని విడదీయుట ఎమ్మెస్సీ పని. ఆ విభజన చేయునప్పుడు చేయి వణకని విద్యార్థి నాకు భయము కలిగించును. చేయి వణకుచున్నదని లెక్క విడిచిపెట్టువాడును నాకు పనికిరాడు. చచ్చినవారికి ఋణపడియున్నవాడు వారి సంఖ్యను పెంచకుండ, తగ్గింపకుండ చెప్పవలెను.

విశ్వవిద్యాలయముల పాఠ్యనిర్ణయ సంఘములలో కూర్చుండువారికి నా విన్నపమొకటి. చివరి సెమిస్టరులోని ప్రాజెక్టునకు ఇంటర్నెట్టునుండి దింపికొన్న దత్తాంశములు చాలునను నలవాటు బలపడుచున్నది. ఒక ఖరీఫుకాలమైనను విద్యార్థి ఒక వర్షమాపకము నొద్ద ఉదయము 8.30 గంటలకు నిలిచి కొలగాజులో నీటిని కంటిమట్టమున చదువవలెను. దాని ప్రక్క చింతచెట్టు తన యెత్తునకు రెండింతల దూరములో నున్నదో లేదో తానే అడుగులతో కొలువవలెను. తన చేతితో నాలుగు చేలలోనైన కాయ పీకి తూచవలెను. ఆ మీదట తన ఫలితమును దాని దోషముతో సహా, ఆ చేనిగలవానికి చదివి వినిపించుటకు తగినట్లు తెలుగులో నొక్క పుటలో వ్రాయవలెను. ఆంగ్లమున నలుబది పుటలు వ్రాయగలిగినవారు ఆ ఒక్క పుట వద్ద ఆగిపోవుట నేను పలుమాఱులు చూచితిని. ఆగుచోటనే నేర్చుకొనవలసినది మిగిలియున్నదని తెలిసికొనవచ్చును. దీనికి మార్కులు కేటాయించుట సులభము కాదని కొందఱందురు. అందువలన దీనిని మానుకొనవలెననుట నాకు సమ్మతము కాదు. ఫిషర్ మహాశయుడు ప్రయోగరచనకు పునాదివేసినది ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పొలములవద్ద. ఆ ఫిషర్ చెంతనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన రావుగారు పురాతన సమాధులనుండి త్రవ్వి తీసిన అస్థికల కొలతలతోనే బహుచలరాశి పద్ధతులను తీర్చిదిద్దిరి. పెద్దలెవ్వరును మన్ను అంటకుండ ఈ శాస్త్రమును కట్టలేదు.

ఇక ఆ ఏడు సున్నలు. వైవా ముగిసిన నాల్గవనాడు నేను బస్సెక్కి ఆ తాలూకా కేంద్రమునకు పోయితిని. కచేరీ పెరటిలో ముండ్లకంచె నడుమ వాన కొలుచు గేజి అట్లే యున్నది. దానిని నాటి దినములలో చదువుచుండిన అటెండరు రిటైరై, అంగడివీథి వెనుక నొక మిద్దెలో నుండెను. సంవత్సరము, కార్తె చెప్పగానే ఆయన నవ్వి, అరుగుపై నాకు చాప పఱచెను. "ఆ వారం నేను సెలవు నాయనా. మా పెద్దపిల్ల పెండ్లి. కొలువులోకి వచ్చి చూస్తే గేజిలో సీసా లేదు, ఎవరో ఎత్తుకపోయినారు. ఏం రాయల్ల? సున్న రాస్తి." వాన పడినదా యని యడిగితిని. "పడకేం! పందిట్లో మోకాటిమట్టం నీళ్లు. పీటలమీద గొడుగు పట్టి తాళి కట్టించినాము." లోపలినుండి ఆయన భార్య, రెండు దినములు పొయ్యి రాజలేదని తోడుపలికెను.

తిరుగుప్రయాణములో బస్సులోనే నా పుటలు తెఱచితిని. ఆ వారము వాన పడినదని ఇప్పుడు నాకు నిశ్చయముగా తెలియును. ఎంత పడినదో చెప్పుటకు మోకాటిమట్టము తప్ప నాయొద్ద కొలత లేదు. చుట్టుప్రక్కల తాలూకాల సగటు నచ్చట నుంచివేయుదమా యని ఒక్కక్షణము తోచినది. ఏడు సున్నలను కొట్టివేసి, వాని స్థానమున ఏడు గీతలు గీచితిని. ఆ యేటి మొత్తమును పట్టికనుండి తొలగించితిని. ముప్పదియేండ్ల సగటు ఇరువదితొమ్మిదేండ్ల సగటైనది, దాని దోషము కొంచెము పెరిగినది. రెండు పుటలు మఱల టైపుచేయించితిని. అనుబంధమునకు మాత్రము డబ్బు చాలలేదు గనుక, బైండింగు ప్రతిలో నేటికిని ఆ ఏడు గీతలు సిరాతో గీచినవే యున్నవి.